మ్యాచ్ రోజున వీధి ఎవరిది?

2025 ఆగస్టు 24న ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్ తన కొత్త స్టేడియంలో తొలి ప్రీమియర్ లీగ్ మ్యాచ్ ఆడి, బ్రైటన్ మీద 2-0తో గెలిచింది. 1892 నుంచి ఉన్న గుడిసన్ పార్క్‌ని పురుషుల జట్టు వదిలేసి, లివర్‌పూల్ ఉత్తర రేవుల్లో బ్రామ్లీ-మూర్ డాక్ ఉన్న చోటికి మారిపోయింది. పాత మైదానంలో దాదాపు 39,500 మంది పట్టేవారు, కొత్తదానిలో 52,769 మంది పడతారు. ఇంత జనం వస్తే కార్లు ఎక్కడ ఆగాలన్నది క్లబ్బుకీ నగరానికీ వచ్చిన చిక్కు. స్టేడియం నుంచి సుమారు అరగంట నడక దూరం వరకు మ్యాచ్ రోజుల్లో పార్కింగ్ ఆంక్షలు ఉంటాయని నగర కౌన్సిల్ ప్రయోగాత్మక ఉత్తర్వు తెచ్చింది. రేవు చుట్టుపక్కల చిన్న వ్యాపారులు దీని మీద గట్టిగా ఎదురు తిరిగారు.

ఇక్కడ మాట్లాడే ఇద్దరూ నా కల్పన. బాబాయి 1970ల్లో ఆంధ్ర నుంచి వెళ్లిన డాక్టరు. ఉద్యోగమంతా ఆ ఊళ్లోనే చేసి రిటైరయ్యాడు, ఇల్లు గుడిసన్ పార్క్‌కి దగ్గర. అమ్మాయి ఆయన అన్నగారి కూతురు. హైదరాబాద్ ఉప్పల్‌లో పెరిగింది, ఇప్పుడు లివర్‌పూల్‌లో చిన్న వ్యాపారాలకు లెక్కలు చూస్తుంది. మనుషులు కల్పితమైనా వాళ్లు తగువుపడుతున్న విషయం మాత్రం నిజం.

అమ్మాయి: బాబాయ్, మీరు కౌన్సిల్‌ని వెనకేసుకొస్తున్నారట. పిన్ని చెప్పింది.

బాబాయి: కౌన్సిల్‌తో నాకేం పనమ్మా! ఆంక్షలు లేని రోజులు నేను కళ్లారా చూశాను, అదే మీ పిన్నితో అన్నాను. మా వీధి నువ్వూ చూశావుగా. గోడకి గోడ అంటుకున్న ఇళ్లు, తలుపు తీస్తే పేవ్‌మెంటు. కారు పెట్టుకోవాలంటే ఉన్నదల్లా ఆ రోడ్డు అంచే. మధ్యాహ్నం మూడింటికి ఆట అంటే పన్నెండు కాకుండానే వీధి నిండిపోయేది. కూరగాయలకని కారు తీసినవాడు మళ్లీ ఆట అయ్యేదాకా ఇంటిముందుకు రాలేడు. అందుకని చక్రాల చెత్తడబ్బాలు రోడ్డు మీదికి తోసి చోటు ఆపుకునేవాళ్లు. వాటిని పక్కకి లాగేసి కారు పెట్టేవాళ్లతో మ్యాచ్ ఉన్న ప్రతిసారీ గొడవలే. వీధిపిల్లలు వచ్చినవాళ్ల దగ్గరికి పరిగెత్తి, "మీ కారు చూసుకుంటాం సార్" అని చిల్లర అడిగేవాళ్లు. ఇవ్వకపోతే తిరిగొచ్చేసరికి కారు మీద గీత పడి ఉంటుందేమోనని అందరికీ భయం.

అమ్మాయి: ఆ పిల్లల గురించి లివర్‌పూల్‌లో ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు.

బాబాయి: చెప్పుకునేవాళ్లకి ముచ్చటే. నేను డాక్టర్ని. ఊపిరాడని ముసలాయన్ని చూడ్డానికి ఇంటికి వెళ్లాలి. కారు ఎక్కడో వదిలి, బ్యాగు పట్టుకుని, ఎదురొచ్చే జనంలో దారి చేసుకుంటూ నడవాలి. అంబులెన్సు వీధి మలుపులో ఇరుక్కుంటే స్ట్రెచర్ చేత్తో మోసుకొచ్చేవాళ్లు. రెండు పక్కలా కార్లు ఆగితే మధ్యలో మిగిలేది ఒక్క బండి పట్టే దారే, అందులోనే ఎవడో అడ్డంగా పెట్టేవాడు. ఇళ్లవాళ్లకి పర్మిట్లిచ్చి, బయటి కార్లని మ్యాచ్ రోజున ఆపేశాక మా వీధికి ప్రాణం లేచొచ్చింది. కొత్త స్టేడియం దగ్గరా అదే పని చేస్తుంటే వద్దని నేనెలా అంటాను?

అమ్మాయి: మీ వీధి గురించి మీరన్నదానికి నేను అడ్డు చెప్పను. కానీ కొత్త స్టేడియం మీ వీధిలో లేదు బాబాయ్. రీజెంట్ రోడ్డు మీద ఒకసారి నడిచి చూడండి. ఒకవైపు రేవుల ఇంజనీరు జెస్సీ హార్ట్‌లీ కట్టించిన నల్లరాతి రేవుగోడ, రెండోవైపు షెడ్లు, గోదాములు, కార్ల గ్యారేజీలు, వెల్డింగ్ చేసేవాళ్లు, స్టేజీ సెట్టింగులు తయారుచేసేవాళ్లు, స్టూడియోలు. రేవు పని తగ్గిపోయి పాడుబడ్డ చోట అద్దె తక్కువని వీళ్లు చేరారు. కౌన్సిలే ఆ పేటకి 'టెన్ స్ట్రీట్స్' అని పేరుపెట్టి, చిన్న పరిశ్రమలూ కళాకారులూ ఇక్కడికి రండని పిలిచింది. వచ్చి నిలదొక్కుకున్నాక స్టేడియం వచ్చింది, దాని వెనకే ఆంక్షలు వచ్చాయి.

బాబాయి: వాళ్లకీ పర్మిట్లు ఇస్తారుగా.

అమ్మాయి: చిక్కంతా అక్కడే ఉంది. పర్మిట్ అనే పద్ధతి ఇంటి కోసం పుట్టింది. ఇంట్లో ఒక కారో రెండో ఉంటాయి, వాటి నంబర్లు మారవు. నేను లెక్కలు చూసే గ్యారేజీ ఒకటి ఉంది, పేరు వద్దు. షెడ్డులో ఒకేసారి నాలుగు బళ్లు పడతాయి. పొద్దున ఎనిమిదికి పది బళ్లు వస్తాయి. ఆరు బయట రోడ్డు మీద వంతుకోసం ఆగుతాయి, పని అయినవి మళ్లీ రోడ్డు మీదే ఓనరు కోసం చూస్తుంటాయి. రేపొచ్చే బళ్ల నంబర్లు ఈరోజు ఆయనకే తెలియవు. ఏ నంబరుకి పర్మిట్ తీసుకోవాలి? పైగా విడిభాగాల వ్యాన్లు రోజుకి మూడుసార్లు వస్తాయి. బుధవారం రాత్రి ఎనిమిదికి ఆట ఉందనుకోండి. నిషేధం పొద్దున్నుంచే మొదలైతే ఆయనకి ఆ రోజు మొత్తం పోయినట్టే. ఇంటాయనకి మ్యాచ్ రోజు కొంచెం ఇబ్బంది బాబాయ్, గ్యారేజీ ఆయనకి ఒకరోజు రాబడి.

బాబాయి: ఆంక్షలు ఎత్తేస్తే మాత్రం ఆయన రాబడి నిలుస్తుందా? షట్టర్ ముందే నలుగురు అభిమానులు కార్లు పెట్టి తాళాలు జేబులో వేసుకుని వెళ్లిపోతారు. అప్పుడు రిపేరైన బండి కూడా లోపల్నించి బయటికి రాదు. కౌన్సిల్ మీద కోపంతో ఆ సంగతి మర్చిపోతున్నావు.

అమ్మాయి: మర్చిపోలేదు. షట్టర్ ముందు రక్షణ ఉండాల్సిందే. నేనడిగేది ఆ రక్షణ ఎన్ని గంటలుండాలి, ఎవరి కోసం ఉండాలి అని. ఇళ్లవీధికి కుట్టిన చొక్కాని షెడ్ల వీధికి తొడుగుతున్నారు. ఇంకోటి, పనివాళ్ల సంగతి. పొద్దున ఆరింటి షిఫ్టుకి బస్సు దొరకదు. రాత్రి పదికి దిగే అమ్మాయి చీకట్లో స్టేషన్ దాకా నడవడానికి భయపడుతుంది. వీళ్లంతా కార్లలో వస్తారు. ఒక్కరోజు బోర్డు చూసుకోకపోతే జరిమానా. లండన్ బయట పెద్ద తప్పుకి 70 పౌండ్లు, 14 రోజుల్లో కడితే సగం. 2025 ఏప్రిల్‌లో కనీస వేతనాన్ని గంటకి 12.21 పౌండ్లు చేశారు. ఆ లెక్కన 70 పౌండ్లు దాదాపు ఆరు గంటల కష్టం.

బాబాయి: బోర్డు చూసుకోవడం అంత కష్టమా?

అమ్మాయి: తారీఖు నిలకడగా ఉంటే కష్టం కాదు. లీగ్‌లో 20 జట్లు, ఒక్కో జట్టుకి సొంత మైదానంలో 19 ఆటలు. జూన్‌లో జాబితా వస్తుంది. ఆ తర్వాత టీవీ వాళ్లు వాళ్లకి కావాల్సినవి ఎంచుకుంటారు. శనివారం మూడింటి ఆట కాస్తా ఆదివారానికి పోతుంది, లేదా సోమవారం రాత్రికి పోతుంది. కప్పు మ్యాచ్‌లు వేరే. అవి ఎన్ని ఉంటాయో గెలుపోటములని బట్టి తేలుతుంది. ఇక ఫుట్‌బాల్ ఒక్కటే కాదు. 2025 నవంబరు 1న ఇంగ్లండ్, ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ టెస్టు అక్కడే జరిగింది, 2028 యూరో కప్పు మ్యాచ్‌లూ అక్కడ ఉన్నాయి. టీవీ వాళ్లు ఒక తారీఖు మార్చారంటే, నెలముందే సరుకు లారీకి రోజు చెప్పుకున్న గోదాము ఆయన మళ్లీ అందరికీ ఫోన్లు చేసుకోవాలి. ఆ మార్పు సంగతి ఆయనకి ఎవరూ ఉత్తరం రాసి చెప్పరు.

బాబాయి: అది న్యాయమైన మాటే. తారీఖు మార్చినప్పుడు చుట్టుపక్కల వాళ్లకి కబురు చెప్పే బాధ్యత క్లబ్బు మీద పెట్టొచ్చు. కానీ అమ్మాయ్, నువ్వు ఒక విషయం దాటేస్తున్నావు. కారు పెట్టడానికి చోటు దొరుకుతుందని తెలిస్తే జనం కారులోనే వస్తారు. దొరకదని ఖాయంగా తెలిస్తేనే రైలెక్కుతారు. రేవు పక్కన వేల కార్లకి స్థలం ఎక్కడుంది? ఒకవైపు మెర్సీ నది. దగ్గర్లో శాండ్‌హిల్స్ స్టేషన్ ఉంది, నడిచి వెళ్లే దూరమే. గుడిసన్‌కి వెళ్లాలన్నా ఒకప్పుడు అక్కడ దిగి సాకర్‌బస్ ఎక్కేవాళ్లం. ఇప్పుడు ఆ బస్సు అవసరం కూడా లేదు.

అమ్మాయి: శాండ్‌హిల్స్ చిన్న స్టేషన్. ఆట అయ్యాక వేలమందిని బయట వరసల్లో నిలబెట్టి కొంచెం కొంచెంగా లోపలికి వదులుతారు. ఆ లైను ఉత్తరం వైపు సౌత్‌పోర్ట్, ఆర్మ్‌స్కర్క్, కర్క్‌బీలకి పోతుంది. నది అవతల విరల్ వైపు వాళ్లు మధ్యలో దిగి మారాలి. ఉత్తర వేల్స్ నుంచి వచ్చే కుటుంబం రాత్రి పదిన్నరకి చిన్నపిల్లలతో ఆ వరసలో నిలబడి, రెండు రైళ్లు మారి ఇంటికి ఎప్పుడు చేరుతుంది? కారు మానమనే ముందు రైలు సరిగ్గా ఏర్పాటు చేయాలి. ఉప్పల్‌లో మెట్రో లైను మీద స్టేడియం పేరుతోనే స్టేషన్ ఉంది. ఐపీఎల్ రోజుల్లో రైళ్లు అర్ధరాత్రి దాటాక కూడా నడుపుతారు.

బాబాయి: ఉప్పల్ పేరు నువ్వే ఎత్తావు కాబట్టి చెప్తాను. మెట్రో ఉన్నా కార్లలో వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. మ్యాచ్ రోజున గేటు ముందు ఎవడో కారు అడ్డం పెడితే మీ నాన్న స్కూటర్ బయటికి తీయలేకపోయేవాడు, ఫోన్‌లో నాతో ఎన్నిసార్లు విసుక్కున్నాడు! రైలు ఒక్కటీ సరిపోదు. అడ్డం పెట్టినవాడికి జరిమానా పడుతుందన్న భయం కూడా ఉండాలి. రెండూ కలిస్తేనే ఫలితం.

*(ఇక్కడ బాబాయి వాదానికి నేనూ తలూపుతాను. లండన్‌లో ఆర్సెనల్ 2006లో ఎమిరేట్స్ స్టేడియానికి మారినప్పుడు, 60,000 మందికి పైగా పట్టే మైదానాన్ని జనం కిక్కిరిసిన ఇళ్ల నడుమ కట్టారు. చుట్టూ విస్తారంగా పర్మిట్ల పరిధి ఉంది, నడిచి వెళ్లే దూరంలో భూగర్భ రైలు స్టేషన్లు ఒకటికి నాలుగున్నాయి. లివర్‌పూల్ రేవుకి ఆంక్షలు వచ్చినంత తొందరగా రైళ్లు రాలేదు.)*

అమ్మాయి: సరే, జరిమానా భయం ఉండనివ్వండి. ఆ భయం పుట్టించడానికయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? స్టేడియానికి 75 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చయిందంటారు. దాని మీద ఒక లాయర్ల సంస్థ పేరు పెట్టుకోవడానికీ క్లబ్బుకి డబ్బొస్తుంది. నగరం ఈ స్టేడియం కోసం చిన్న త్యాగం చేయలేదు. 2021లో యునెస్కో వారసత్వ జాబితా లోంచి లివర్‌పూల్‌ని తీసేయడానికి చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. ఇంత చేశాక కూడా, పర్మిట్ల తలనొప్పి, జరిమానాల భారం రేవు పక్కన ముందునుంచీ పనిచేసుకుంటున్నవాళ్ల మీద పడాలా?

బాబాయి: జరిమానాల డబ్బు ఎవరి జేబులోకీ పోదు. రోడ్డు మీద పార్కింగ్‌లో మిగిలింది రవాణాలాంటి కొన్ని పనులకే ఖర్చు పెట్టాలని చట్టంలో ఉంది.

అమ్మాయి: చట్టం ఉంది. ఆ రవాణా పని మా రేవు వీధుల్లోనే జరగాలని మాత్రం చట్టంలో లేదు. కట్టడానికి అనుమతి ఇచ్చేటప్పుడే, చుట్టుపక్కల రోడ్లకయ్యే ఖర్చు కట్టేవాడే భరించాలని కౌన్సిల్ షరతులు పెట్టొచ్చు. ఆ ఒప్పందాల్లో గ్యారేజీవాడి కష్టం కూడా ఒక పద్దుగా ఉండాలని అడుగుతున్నాను. నేను లెక్కలు రాసేదాన్ని. ఒక వ్యాపారానికి లాభం తెచ్చే పనికి అయ్యే ఖర్చు ఆ వ్యాపారం పుస్తకంలోనే పడాలి.

బాబాయి: లాభం రేవు పక్కవాళ్లకీ వస్తోందిగా! రీజెంట్ రోడ్డు మీద పబ్బులు మ్యాచ్ రోజున కిటకిటలాడుతున్నాయి. వెళ్లి మా గుడిసన్ రోడ్డు చూడు. చేపలూ చిప్సూ అమ్మే కొట్లు, కండువాలమ్మే బళ్లు, మూలమీద పబ్బు, వీళ్లందరి బతుకూ పక్షానికోసారి వచ్చే ఆ జనం మీదే ఉండేది. ఇప్పుడు అక్కడ మహిళల జట్టు ఆడుతోంది, మంచిదే, కానీ అప్పటంత జనం రారు. జనం వస్తే కష్టమని మీరంటున్నారు. రాకపోతే ఎంత కష్టమో మావాళ్లని అడుగు.

అమ్మాయి: బీరు అమ్మేవాడికి లాభం, బ్రేకులు బాగుచేసేవాడికి నష్టం. ఇద్దరూ ఒకే వీధిలో ఉన్నంత మాత్రాన ఒకరి లాభం రెండోవాడి నష్టాన్ని పూడ్చదు. పబ్బు ఆయన సాయంత్రం పదివేల మందికి తలుపు తీస్తే గ్యారేజీ ఆయనకి అద్దె తగ్గుతుందా? పెరుగుతుంది. ఇలాగే ఒక్కొక్కరూ వెళ్లిపోతే ఆ పేటలో మిగిలేవి పబ్బులూ హోటళ్లూ అపార్ట్‌మెంట్లే. కౌన్సిల్ 'టెన్ స్ట్రీట్స్'కి పిలిచింది వాటిని కాదు.

బాబాయి: అద్దెల వల్ల ఊళ్లో మార్పులు రావడం కొత్త కాదులే. అసలు ఎవర్టన్ వాళ్లు ఆన్‌ఫీల్డ్‌ని వదిలి గుడిసన్‌కి వచ్చిందే 1892లో అద్దె తగువు మీద. ఖాళీ అయిన ఆన్‌ఫీల్డ్ కోసం ఆ స్థలం ఆసామి పెట్టిన కొత్త జట్టే లివర్‌పూల్ క్లబ్. సరే, అది వదిలెయ్. నీకేం కావాలో సూటిగా చెప్పు. ఆంక్షలే వద్దంటావా?

అమ్మాయి: అలా అనలేదు. షెడ్ల వీధుల్లో పనిదినాల పగటిపూట ఆంక్షలు వద్దు, ఆటకి కొన్ని గంటల ముందు మొదలై ఆట అయ్యాక ఆగిపోవాలి. వ్యాపారానికి ఇచ్చే పర్మిట్ బండి నంబరుకి కాకుండా ఆ చిరునామాకి ఇవ్వాలి. ఇవాళ ఏ బండి ఉంటే దానికి అతికించుకుంటారు. రాత్రి షిఫ్టువాళ్లకి పక్కనే చోటు కేటాయించాలి. పరిధి కూడా అంత పెద్దది అక్కర్లేదు, తగ్గించాలి.

బాబాయి: మొదటి మూడూ ఒప్పుకుంటాను, కౌన్సిల్‌కి నేనే రాస్తాను కావాలంటే. పరిధి తగ్గించడానికి మాత్రం ఒప్పుకోను. అభిమాని ఇరవై నిమిషాలు నడవడానికి సిద్ధంగా ఉంటాడు. గీత ఇరవై నిమిషాల దగ్గర గీస్తే, కార్లన్నీ గీతకి అవతలి మొదటి వీధిలో ఆగుతాయి. అది పక్కనున్న కర్క్‌డేల్ పేటలో ఇళ్లవీధే అవుతుంది, షెడ్ల వీధి కాదు. మళ్లీ అదే స్ట్రెచరు, అవే చెత్తడబ్బాలు. నీ గ్యారేజీ ఆయన కష్టాన్ని తీసుకెళ్లి ఒక ముసలావిడ గుమ్మం ముందు పెడతావా?

అమ్మాయి: పరిధి ఎంత పెద్దదైతే సంరక్షకులకీ చుట్టాలకీ అంత ఇబ్బంది. వారానికి రెండుసార్లు ఆ ముసలావిడకి స్నానం చేయించడానికి వచ్చే అమ్మాయి కారు ఎక్కడ పెడుతుంది?

బాబాయి: ఆవిడకి సందర్శకుల పర్మిట్ ఇవ్వాలి. దానికి పరిధి తగ్గించనక్కర్లేదు.

అమ్మాయి: ఆవిడ దరఖాస్తు ఎవరు నింపుతారు బాబాయ్? ఆన్‌లైన్‌లో, బండి నంబరుతో సహా? మీలాంటి డాక్టరు పక్కింట్లో లేకపోతే ఆవిడకి ఆ పర్మిట్ రాదు.

బాబాయి: అందుకే పక్కింటివాడు ఉండాలి. నేను నింపుతాను.

పరిధి దగ్గర వాళ్లిద్దరికీ పొత్తు కుదరలేదు. ఆ ఒక్కదాంట్లో నేను బాబాయి వైపు. గీత దగ్గరికి జరిపితే కార్లు మాయమవవు, బీదవాళ్ల వీధిలోకి జరుగుతాయి. మిగతా అన్నిట్లో అమ్మాయిదే న్యాయం. ఇళ్లకీ పనిచోట్లకీ ఒకే పర్మిట్ పద్ధతి పెట్టడం తప్పు. రాత్రి ఎనిమిది గంటల ఆట కోసం పొద్దున్నే ఒక పనివాడి బండిని తరిమితే అది తప్పు. తారీఖు మార్చి టీవీ ఒప్పందంతో డబ్బు చేసుకునేవాళ్లు, ఆ మార్పు వల్ల నష్టపోయేవాళ్లకి ఒక్క కబురు కూడా పంపకపోవడం అంతకన్నా పెద్ద తప్పు.

బ్రిటన్‌లో స్టేడియాల పక్కన ఇళ్లూ కొట్లూ ఉన్న తెలుగువాళ్లకి ఒక మాట. ఇలాంటి ప్రయోగాత్మక ఉత్తర్వు ఎక్కువలో ఎక్కువ 18 నెలలు నడుస్తుంది, ఆ లోపలే శాశ్వతం చేయాలో వద్దో కౌన్సిల్ తేల్చాలి. అభ్యంతరాలు రాసి పంపడానికి ఉత్తర్వు అమల్లోకి వచ్చిన నాటినుంచి ఆరు నెలలు గడువు ఉంటుంది. దీపస్తంభానికి కట్టిన ఆ నోటీసు కాగితం చదవండి. మీ షట్టర్ ముందు రోజుకి ఎన్ని బళ్లు ఆగుతాయో, మీ పనివాళ్లు ఎన్నింటికి వస్తారో, మీ వీధిలో అంబులెన్సు పట్టే దారి ఎంతుందో రాసి గడువు లోపల పంపండి.